శిల్పారామం: గుట్టల నడుమ చేతిపనుల ఊరు

మాదాపూర్ అనగానే అందరికీ అద్దాల మేడలే గుర్తొస్తాయి. సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. దాని పక్కనే చేతిపనులకు ఒక ఊరు కట్టాలన్న సంకల్పం 1992 నాటిది. అంటే ఈ గుట్టల మధ్యకు ప్రభుత్వం ముందుగా పిలిచింది సాలెలను, కుమ్మరులను, కంచరులను. మన శేరిలింగంపల్లి చరిత్ర రాసేవాళ్ళు ఈ వరస మరచిపోకూడదని నా కోరిక. అందుకే ఈ ప్రత్యేక సంచికకు శిల్పారామం గురించి రాయమని కమిటీ పెద్దలు అడగ్గానే ఒప్పుకున్నాను.

65 ఎకరాల చోటు. అప్పట్లో అంతా బండలే. నగరం పెరిగినకొద్దీ చుట్టుపక్కల ఎన్నో గుట్టలు కంకరైపోయాయి. శిల్పారామంలో మాత్రం చాలా బండలు నిలిచాయి, వాటి మధ్యే దారులు వచ్చాయి. ‘ఎలుగుబంటి ముక్కు’ అనే బండ అక్కడే ఉంది. వారసత్వ సంపదగా రక్షణ జాబితాకెక్కిన తొమ్మిది శిలాసమూహాల్లో అదొకటి. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి ఇంకొకటి. రెండూ మన పరిధిలోనివే. 1996 నుంచి బండల రక్షణకు పాటుపడుతున్న ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ను, దాన్ని నడిపించిన నరేంద్ర లూథర్ గారిని ఈ సందర్భంలో తలుచుకోకపోతే తప్పవుతుంది.

చేతిపనిని కాపాడుకోవాలన్న ఆలోచన మాదాపూర్‌లో పుట్టింది కాదు. యంత్రం చేసే సరుకు చేతిపనిని మింగేస్తోందని ఇంగ్లండులో విలియం మోరిస్ గొంతెత్తాడు. ఆయన వాడిన ముద్రణ యంత్రం మీదే ఆనంద కుమారస్వామి 1908లో సింహళ కళల గ్రంథం అచ్చువేశారు. రెండేళ్ళకు, 1910లో, బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు. చదువుతో పాటు చేతిపని నేర్పాలన్నది వాళ్ళ పట్టుదల. అక్కడ ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర బొమ్మలు వేయడం నేర్చిన అడివి బాపిరాజు తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తి కలంకారీ మళ్ళీ ఊపిరి పోసుకుంది. శిల్పారామాన్ని నేను ఆ వంశంలో బిడ్డగానే చూస్తాను.

తొలి రోజుల్లో నేను దగ్గరగా చూసిన ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన అక్కడి పల్లె మ్యూజియానికి మట్టిగోడలు పెట్టిన పెద్ద మేస్త్రి. ఎర్రమట్టిలో వరిగడ్డి కలిపి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కించి, బాగా నాననిచ్చేవాడు. కుర్ర ఇంజనీర్లు తొందర పెడితే, ‘‘మట్టి మాగాలె సారూ, లేకుంటే గోడ పగుల్తది’’ అనేవాడు. ఒక వరస ఆరితే గానీ పై వరస పెట్టేవాడు కాదు. పూరిపాకల్లో పల్లె బతుకును చూపే ఆ మ్యూజియం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ ఆయన కాళ్ళే కనిపిస్తాయి.

రెండో ఆయన చేర్యాల నుంచి వచ్చిన నకాషీ తాత. ఖాదీ గుడ్డకు సుద్ద, చింతగింజల గంజి, బంక కలిపి పూతల మీద పూతలు పట్టించేవాడు. ఎర్రటి నేల మీద కథ ఒక్కొక్క అడ్డపట్టీగా కిందికి దిగేది. కొనడానికి వచ్చినవాళ్ళకు బొమ్మ ధర చెప్పేముందు కథ చెప్పేవాడు. పటం చుట్టి చేతిలో పెట్టేటప్పుడు, ‘‘గోడకు వేలాడదీస్తే సాలదు బిడ్డా, పిల్లలకు కథ గూడ చెప్పాలె’’ అని అప్పగింత పెట్టేవాడు.

తర్వాతి ఏళ్ళలో డిసెంబరు మేళాలు, సంక్రాంతికి గంగిరెద్దులు, హరిదాసులు, ఉగాది వేడుకలు యథావిధిగా జరిగాయి. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చింది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో అంతా ఆగిపోయింది. చేతిపనివాళ్ళకు ఎండాకాలపు అమ్మకాలు పోయాయి, మేళాల కోసం అప్పు తెచ్చి చేసిన సరుకు ఇంట్లోనే మిగిలింది. పోచంపల్లిలో మగ్గం మీది చీర తెగలేదు, కొండపల్లిలో పొణికి కర్ర మూలన పడింది, ఏటికొప్పాకలో లక్క కరగలేదు. మా కాలనీ ఆడవాళ్ళు ఫోన్లలో ఫోటోలు తెప్పించుకుని, ముందే డబ్బు పంపి, సరుకు ఎప్పుడొస్తే అప్పుడే తీసుకున్నారు. బేరం ఆడొద్దని వాళ్ళలో వాళ్ళే కట్టడి చేసుకున్నారు. ఆ అక్కచెల్లెళ్ళకు ఈ సంచిక ముఖంగా నమస్కారం. అదే ఏడాది జూలై 27న అఖిల భారత చేనేత బోర్డును, ఆగస్టు 3న హస్తకళల బోర్డును కేంద్రం రద్దు చేసింది. రెండోది 1952లో మొదలైంది, కమలాదేవి ఏళ్ళ తరబడి నడిపింది. నాలుగు రోజులకే ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. చేతిపనివాళ్ళు నిండా మునిగిన వేళ వాళ్ళ గొంతు వినే చోటును ఎత్తేయడం నాకు నేటికీ మింగుడుపడలేదు.

ఇంకో మాట కూడా మనసులో ఉంది. నగరంలోని ఓ మేళాలో నాకు పోచంపల్లి అని చెప్పి అమ్మిన చీర ఇంటికొచ్చి తిప్పి చూస్తే వెనకవైపు వెలిసినట్టుంది. అచ్చువేసిన గుడ్డ. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదురుతాయి. ఆ తేడా తెలియని కొనుగోలుదారు తక్కువ ధర చూసి అటే పోతాడు. నేతకు ముందు నూలును ఆసు పోసే ఆడవాళ్ళ భుజాలనొప్పి చూడలేక యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం లాంటివాళ్ళ కష్టం ఇలాంటి అంగట్లో వృథా అవుతోంది. చేసినవాడే కూర్చుని అమ్మే పద్ధతి సడలితే ఎంత పెద్ద మేళా పెట్టినా అది సంతే.

శిల్పారామాన్ని నిలబెట్టినవాళ్ళ పేర్లన్నీ వేయాలంటే పేజీలు చాలవన్నారు కమిటీవారు. దాతలకు, అతిథులకు చోటు దొరికింది కాబట్టి చేతిపనివాళ్ళ ఊళ్ళకైనా చోటివ్వమని అడిగి రాస్తున్నాను: పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతవారు, చేర్యాల నకాషీలు, పెంబర్తి ఇత్తడివారు, కరీంనగర్ వెండితీగెవారు, నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలవారు, శ్రీకాళహస్తి, బందరు కలంకారీవారు, నిమ్మలకుంట తోలుబొమ్మలవారు, ఆదిలాబాదు ఓజా కంచరులు, ఉదయగిరి కొయ్యచెంచాలవారు, మట్టి తొక్కిన కూలీలు, నీళ్ళు మోసినవాళ్ళు, చెట్లు నాటినవాళ్ళు. వచ్చే మేళాలో ప్రతి అంగడి ముందు చేసినవారి పేరు, ఊరు తెలుగులో రాసిపెట్టమని అధికారులకు అర్జీ ఇవ్వాలి. దాన్ని రాసే పని నాది. సంతకాలు సేకరించే పని కాలనీ కుర్రవాళ్ళు తీసుకోవాలి.