వెనక ముక్క ముందుకొచ్చింది

ట్రైలర్ అంటే వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. లారీకి తగిలించే ట్రైలర్‌దీ, సినిమా ట్రైలర్‌దీ ఒకటే పుట్టుక. 1910ల్లో అమెరికా హాళ్లలో రాబోయే సినిమా ముక్కను, ఆడుతున్న సినిమా అయ్యాక వేసేవారు. బొమ్మ అయిపోగానే జనం లేచిపోతే చూసేదెవరు? ముక్క ముందుకు జరిగింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ముక్క కోసమే గొడవలు. బ్రిటన్‌లో 1963లో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’కు 2013లో యాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా తీసిన ప్రత్యేక ఎపిసోడ్ దృశ్యాలను బీబీసీ వాళ్లు జులైలో అమెరికాలోని శాన్ డియాగో కామిక్ కాన్ అనే అభిమానుల వేడుకలో, హాల్లో ఉన్నవాళ్లకే చూపించారు. బీబీసీకి టీవీ లైసెన్సు ఫీజు కట్టేది మేము, చూసేది వాళ్లా అని బ్రిటన్ అభిమానులు మండిపడ్డారు. న్యాయమైన కోపమే. అక్టోబరులో నిమిషం పాటి ట్రైలర్ వదిలాక ఫ్రేము ఫ్రేమూ ఆపి డాక్టర్ పాత్ర వేసిన పాత నటులను వెతుక్కున్నారు. బ్లాక్ అండ్ వైట్ కాలపు తొలి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ అందులో రంగుల్లో నిలబడ్డాడు మరి!

మన దగ్గర ట్రైలర్ అనే మాట సినిమాను ఎప్పుడో దాటేసింది. తొలకరికే వీధి మునిగితే, ‘ఇది ట్రైలరే, అసలు సినిమా ముందుంది’ అనేస్తాం.