తాండూరు బండ – కొలతలోని ఆకాశం: పగటి వెలుతురు గణన సాఫ్ట్‌వేర్ల ఎంపికపై ఒక చారిత్రక పరిశీలన

హరిత భవన ధ్రువీకరణకు ఏ పగటి వెలుతురు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలన్న ప్రశ్న పైకి సాంకేతికమైనదిగా కనిపిస్తుంది. చరిత్రను అనుసరించి చూస్తే అది ఏ ఆకాశాన్ని ప్రమాణంగా అంగీకరించాలన్న ప్రశ్న. వికారాబాద్, తాండూరు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఈ ప్రాంతానికి వెలుతురుతో ఉన్న సంబంధం పాతది. అనంతగిరి కొండలపై నిజాం కాలంలో వెలసిన క్షయ చికిత్సాలయం, గాలి వెలుతురులను వైద్యంలో భాగంగా భావించిన కాలానికి చెందినది. నడిమి వాకిలి ఆకాశానికి తెరిచి ఉండే భవంతి ఇళ్లలో పగటి పని పగటి వెలుతురులోనే జరిగిపోయేది. అక్కడ వెలుతురును ఎవరూ కొలవలేదు. కొలవవలసిన అవసరమూ రాలేదు.

కొలత వచ్చింది వేరే వాతావరణం నుంచి. బయటి వెలుతురులో ఎన్నో వంతు గదిలోకి చేరుతుందో చెప్పే ‘పగటి వెలుతురు గుణకం’ మబ్బు పట్టిన ఆకాశాన్ని ఆధారం చేసుకొన్నది. ఆ ఆకాశంలో సూర్యుడు లేడు, దిక్కులూ లేవు. పడమటి కిటికీకీ ఉత్తరపు కిటికీకీ ఒకే ఫలితం వస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 2440 (1975) ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. నేరుటెండను మినహాయించి, సూర్యుడు 15 డిగ్రీల ఎత్తున ఉన్న నిర్మలాకాశాన్ని, 8,000 లక్స్ బయటి వెలుతురును ఆధారంగా తీసుకొన్నది. ఆ లెక్కన ఒక శాతం గుణకం అంటే 80 లక్స్. మన ఆకాశానికి మన లెక్క ఉండాలన్న ఆలోచన సాఫ్ట్‌వేర్ల కంటే ముందే ఇక్కడ ఉన్నదన్న సంగతి తరచు మరుగున పడుతున్నది.

2003లో హైదరాబాదులోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ లీడ్ ప్లాటినం స్థాయిని పొందింది. అమెరికా వెలుపల ఆ స్థాయి అందుకొన్న తొలి భవనం అదే. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దానికి నడుమ వాకిలి పెట్టారు, జాలీ గోడలు కట్టించారు. లీడ్ తొలి రూపాలు అడిగింది మాత్రం రెండు శాతం గుణకమే. ఆ తరంలో ప్రాచుర్యం పొందిన ఎకోటెక్ట్ సొంత గణనకు ఆధారం కూడా గుణక పద్ధతే. 2008లో ఆటోడెస్క్ దానిని కొన్నది, 2015లో అమ్మకం నిలిపివేసింది.

రెండో ధార లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ రూపొందించిన రేడియన్స్. కాంతి కిరణాల దారిని అనుసరించే ఈ పద్ధతిపై క్రిస్టఫ్ రైన్‌హార్ట్ డేసిమ్‌ను నిర్మించాడు. గంటగంటకూ మారే వాతావరణ దత్తాంశంతో ఏడాది పొడవునా వెలుతురును లెక్కించడం దీని ప్రత్యేకత. 2013 నాటి లీడ్ నాలుగో రూపం ఈ వార్షిక గణనను స్వీకరించింది: పని గంటల్లో సగం కాలమైనా 300 లక్స్ అందాలి, 1,000 లక్స్‌కు మించిన నేరుటెండ ఏడాదిలో 250 గంటలు దాటి పడే భాగం పది శాతాన్ని మించరాదు.

హైదరాబాదులోనే కేంద్రం గల భారతీయ హరిత భవన మండలి కొత్త భవనాల నియమం ఇంత దూరం పోదు. సెప్టెంబరు 21, మధ్యాహ్నం 12 గంటలు, నిర్మలాకాశం. పని చేసే ఎత్తులో 110 నుంచి 2,200 లక్స్ ఉండాలి. దీనికి ఒక్క క్షణాన్ని లెక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఖర్చు తక్కువ, చిన్న పట్టణపు ఇంజనీరుకూ అందుబాటు. దీన్ని తేలికగా కొట్టివేయరాదు. అయితే ఆ క్షణాన సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. తాండూరులో పడమటి ముఖం గల తరగతి గది ఆ పరీక్షలో నెగ్గవచ్చు. సాయంత్రం నాలుగింటికి అదే గదిలో తెరలు దించి విద్యుద్దీపాలు వేసుకోవలసి రావచ్చు. ధ్రువపత్రం ఆదా చేస్తుందని చెప్పిన విద్యుత్తు అక్కడ ఖర్చవుతుంది.

ఉత్తరపు కిటికీ విషయంలోనూ ఇంతే. 17 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్న ఈ ప్రాంతంలో మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు. ఉత్తరపు వెలుతురు ఎప్పుడూ చల్లనిదేనన్న పాఠ్యపుస్తక సూత్రం ఆ మూడు నెలలు ఇక్కడ వర్తించదు. వార్షిక గణన దీన్ని పట్టుకొంటుంది. సెప్టెంబరు మధ్యాహ్నం పట్టుకోదు. కనుక నియమం అడగకపోయినా రేడియన్స్ ఆధారిత సాధనాన్ని ఎంచుకోవడమే ఈ ప్రాంతానికి తగినది.

అంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. గణనలో నేల సాధారణంగా తనపై పడిన వెలుతురులో 20 శాతాన్ని తిప్పి పంపుతుందని ముందుగానే రాసి ఉంటుంది. తాండూరులో నేల అంటే నాపరాయి: నీలి, పసుపు ఛాయల్లో, నునుపు పెట్టినది, పెట్టనిది. గరుకు నీలి బండకూ నునుపైన పసుపు బండకూ ఒకే అంకె సరిపోదు. లక్స్ మీటరును బండపై పడే వెలుతురు వైపు ఒకసారి, బండ వైపు తిప్పి కొంత ఎత్తున మరొకసారి పట్టి, రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే స్థూలంగా అసలు విలువ తెలుస్తుంది. బండ మారినప్పుడల్లా ఆ కొలత మళ్లీ తీయాలి.