మాది చేతుల రకమేనా సార్?
(అక్షరం మీద హక్కు – 9వ భాగం)



ఈ వారం రాద్దామనుకున్నది వేరే విషయం. కానీ నెల రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అందుకే దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా సెకండియర్ అమ్మాయి ఒకామె స్టాఫ్‌రూమ్‌కి వచ్చి ఒక కాగితం చూపించింది. ఎవరో ట్రైనర్ వచ్చి అందరికీ కొన్ని ప్రశ్నలిచ్చి టిక్కులు పెట్టించాడట. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని మనుషులు మూడు రకాలట. ఈ అమ్మాయి మూడో రకమని తేల్చాడు. "నువ్వు చేతులతో నేర్చుకునే టైపమ్మా, భాషలూ సాహిత్యాలూ నీకు బరువు, ఏదైనా స్కిల్ కోర్సు చూసుకో" అని సలహా కూడా ఇచ్చాడు. ఆమెకేమో పీజీలో ఇంగ్లీషు చదవాలని ఉంది. వాళ్లమ్మ మిరప కోతలకు వెళుతుంది.

"నిజమేనా సార్? మాది చేతుల రకమేనా?" అని అడిగింది.

"నాది" అనలేదు, "మాది" అంది. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

ముందు ఆ కాగితం సంగతి తేల్చేద్దాం. ఈ రకాల లెక్క పాశ్చాత్య దేశాల నుంచి వచ్చింది. నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన 1992లో ప్రచారంలోకి తెచ్చిన ప్రశ్నావళి వాటిలో బాగా పేరున్నది. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2008లో ఒక సమీక్ష వేశారు. ఒకరికి బొమ్మలు ఇష్టం, ఇంకొకరికి వినడం ఇష్టం. అంతవరకూ నిజమే. కానీ ఎవరి ఇష్టానికి తగ్గట్టు వాళ్లకు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని వాళ్లు తేల్చారు. ఆ కాగితానికి ఉన్న విలువ ఇంతే. కానీ అదే కాగితం మన పిల్లల చేతికి వచ్చేసరికి ఇంకో అర్థం తెచ్చుకుంటుంది. చేతులు మీవి, చదువు మాది అనే పాత పంపకానికి కొత్త ముద్ర పడుతుంది.

ఆ పాత పంపకం ఎంత వివరంగా ఉండేదో చూడండి. గౌతమ ధర్మసూత్రంలో శూద్రుడు వేదం విషయంలో చేసే తప్పులకు శిక్షలున్నాయి. కావాలని వింటే చెవుల్లో కరిగించిన లోహమూ లక్కా పోయాలి. పలికితే నాలుక కోయాలి. గుర్తుపెట్టుకుంటే శరీరాన్ని చీల్చాలి. వినడం, పలకడం, గుర్తుంచుకోవడం: మౌఖిక సంప్రదాయంలో భాష నేర్చుకునే మెట్లు సరిగ్గా ఈ మూడే. మెట్టుకో శిక్ష. ఈ శిక్షలు ఎక్కడ ఎంతమందికి వేశారన్నది వేరే చర్చ, ధర్మశాస్త్రం వేరు, ఊళ్లో జరిగేది వేరు. కానీ రాసినవాడికి ఒకటి మాత్రం బాగా తెలుసు. శూద్రుడు వింటే నేర్చుకోగలడు. చెవికి ఆ శక్తి లేదనుకుంటే చెవిని మూసే పని పెట్టుకునేవాడు కాదు కదా! శూద్రుడి గతే ఇదైతే, ఊరి బయట ఉన్నవాళ్ల గురించి వేరే చెప్పాలా?

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరకు వస్తాను. ఆయన ఎన్ని డిగ్రీలు చదివారో మనమందరం జయంతి సభల్లో చెబుతాం. ఎన్ని భాషలు వచ్చో కూడా చెబుతాం. ఏ భాష ఎలా నేర్చుకున్నారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అసలు చరిత్ర ఉన్నది అక్కడే అని నాకనిపిస్తుంది.

మొదట ఇంగ్లీషు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో చాలా ఏళ్లు పంతులుగా కూడా పనిచేశారు. కొడుకు చేత హోవార్డ్ ఇంగ్లీషు రీడర్లు చదివించేవారు, తర్ఖడ్కర్ తర్జుమా పాఠాలు కంఠస్థం చేయించేవారు. మరాఠీ వాక్యం చూడాలి, ఇంగ్లీషులో చెప్పాలి. మళ్లీ ఇంగ్లీషు చూడాలి, మరాఠీలో చెప్పాలి. ఈ పద్ధతి పేరెత్తితే ఇవాళ్టి ట్రైనర్లు నవ్వుతారు. బట్టీ అంటారు, పాతచింతకాయ అంటారు. రాజ్యాంగ సభలో మాట్లాడిన ఇంగ్లీషుకు పునాది ఆ బట్టీలోనే పడింది.

చదివే వేళ కూడా ఇష్టాన్ని బట్టి వచ్చింది కాదు. బొంబాయిలో పరేల్‌లోని చాల్‌లో ఒక్క గదిలో కాపురం. వంట అక్కడే, పడక అక్కడే. పిల్లవాడిని పెందలాడే పడుకోబెట్టి, తండ్రి తెల్లవారుజామున రెండింటి దాకా మేలుకుని, అప్పుడు కొడుకును లేపి, ఆ చోటులో తాను నడుం వాల్చేవారు. ఆ గదిలో నిశ్శబ్దం దొరికేది అప్పుడే. కొడుక్కి పుస్తకాలు కొనడానికి పెళ్లిళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. నేర్చుకునే పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు ఈ గదినీ ఈ నగలనూ ఏ కాలమ్‌లో రాయాలి?

బడి సంగతి తెలిసిందే. సతారాలో ఇంటి నుంచి గోనెపట్టా తీసుకెళ్లి విడిగా కూర్చున్నారు. తర్వాత బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్, ప్రభుత్వ బడి. ఒకరోజు లెక్క చేయమని మాస్టారు బోర్డు దగ్గరకు పిలిచారు. తోటి పిల్లలు గోల చేస్తూ పరిగెత్తారు. ఎందుకంటే బోర్డు వెనక వాళ్ల అన్నం డబ్బాలున్నాయి. వాటిని పక్కకు తీశాకే భీమ్‌రావ్ బోర్డును ముట్టుకున్నారు. చూసి నేర్చుకునే రకమా అని అడిగే ముందు బోర్డు వెనక ఏముందో అడగాలి.

ఆ బడిలోనే రెండో భాషగా సంస్కృతం తీసుకోవాలనుకున్నారు. అంటరాని పిల్లవాడికి సంస్కృతం చెప్పనన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1907లో మెట్రిక్ పాసయ్యారు. 1912లో బీఏ పరీక్ష కూడా ఇంగ్లీషు, పర్షియన్‌లతోనే పూర్తిచేశారు. ఆయన బీఏలో పర్షియన్ ఎందుకుంది అంటే అభిరుచి అని రాసినవాళ్లను నేను చూశాను. మూసిన తలుపు పక్కన తెరిచి ఉన్న తలుపు అది. అందులోంచే నడిచారు, బాగా నడిచారు.

కొలంబియాలో 1913 నుంచి 1916 దాకా ఆయన తీసుకున్న కోర్సుల జాబితా ఉంది. ఎక్కువ భాగం అర్థశాస్త్రం, చరిత్ర. వాటి మధ్యలో ఫ్రెంచి ఒకటి, జర్మన్ ఒకటి, రెండూ ప్రాథమిక స్థాయివి. ఇక్కడ మొదటిసారిగా ఎవరూ వద్దనని తరగతి గదిలో కూర్చుని భాష నేర్చుకున్నారు. 1921లో లండన్ నుంచి జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నప్పుడు తన వివరాలు తన చేత్తో జర్మన్‌లోనే రాసి పంపారు. అక్కడ చదువు సాగలేదు, అది వేరే కథ. ఎల్ఫిన్‌స్టన్‌లో సంస్కృతానికి చాలని పిల్లవాడు, ఎవరూ అడ్డం లేని చోట, ఒక కోర్సు ఊతంగా, జర్మన్ విశ్వవిద్యాలయానికి జర్మన్‌లో రాశాడు. తేడా పిల్లవాడిలో లేదు.

సంస్కృతాన్ని మాత్రం ఆయన వదల్లేదు. తర్వాతి కాలంలో సొంతంగా, పండితుల సాయంతో చదివారు. అయితే ఇక్కడ మనవాళ్లు చేసే ఒక పొరపాటు చెప్పాలి. ఆయన సంస్కృతంలో మహాపండితుడని పోస్టర్లు వేస్తాం. 1946లో వచ్చిన 'శూద్రులెవరు?' పుస్తకం ముందుమాట చదవండి. సంస్కృతం మీద పట్టు లేనివాడివి ఈ విషయంలోకి దిగకు అని తనను హెచ్చరించేవాళ్లకు ఆయన అక్కడ సమాధానం ఇచ్చారు. ఆ లోపం ఉందని ఒప్పుకున్నారు. అయితే ఈ విషయానికి కావలసిన గ్రంథాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో దొరుకుతున్నాయనీ, పదిహేనేళ్లు వాటిని చదివిన తనకు మాట్లాడే అర్హత ఎందుకుండదనీ ప్రశ్నించారు.

నాకు ఆ ముందుమాట పోస్టర్ కన్నా గొప్పది. తాళం నీ దగ్గరుంచుకుని, తాళం లేదు కాబట్టి లోపలికి రావద్దంటే, ఆయన గోడలో కిటికీ చూపించారు. ఆ కిటికీ పేరు అనువాదం. చిన్నప్పుడు తర్ఖడ్కర్ పాఠాల్లో తండ్రి నేర్పిన పనే అది.

నేనూ సంస్కృతంలోకి ఆ కిటికీ నుంచే దూరాను. పీహెచ్‌డీ కోసం ప్రబంధాలు చదవాల్సి వచ్చినప్పుడు నాకు రామ శబ్దం కూడా రాదు. వావిళ్ల వారి ప్రతుల్లో టీకాతాత్పర్యాలు ముందు చదివి, ఆ తర్వాత పద్యం చదివేవాణ్ని. అర్థం తెలిశాక విభక్తులు వాటంతటవే కనిపించేవి. "పునాది లేని చదువు" అని ఒక పెద్దాయన నా ముఖం మీదే అన్నారు. పునాది ఎవరి ఇంటి కింద ఉందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక పాళీ. చివరి ఏళ్లలో, బౌద్ధం వైపు నడుస్తూ, ఒంట్లో బాగోకపోయినా, బాబాసాహెబ్ పాళీ మీద కూర్చున్నారు. ఆ చదువు ఎలా సాగిందో ఆయన రచనల సంపుటాల్లో 16వది చూస్తే తెలుస్తుంది. పాళీ వ్యాకరణం ఉంది, నిఘంటువు ఉంది. పాళీ మాటలకు ఇంగ్లీషుతో పాటు మరాఠీ, హిందీ, గుజరాతీల్లో అర్థాలున్నాయి. తనకోసమే అయితే ఇంగ్లీషు చాలు. అన్ని భాషల్లో రాశారంటే తన వెనక వచ్చేవాళ్ల కోసమూ రాస్తున్నట్టే. వచ్చే వాళ్ల చేతికి తాళమే ఇచ్చి పోదామన్న తొందర ఆ పేజీల్లో నాకు కనిపిస్తుంది.

ఇంగ్లీషు బట్టీతో, పర్షియన్ గత్యంతరం లేక, జర్మన్ తరగతి గదిలో, సంస్కృతం అనువాదాల మీదుగా, పాళీ నిఘంటువు రాస్తూ. ఒక మనిషికే ఇన్ని దారులు. వీటిలో ఏది ఆయన "స్టైల్"?

మన నేల మీద జాషువా గారిని చూడండి. 1895లో వినుకొండలో పుట్టారు. మిషన్ బడిలో పంతులుగా చేశారు, రాజమండ్రిలో మూగ సినిమాలకు పక్కన నిలబడి కథ చదివి వినిపించే పని చేశారు. ఆ పని చేసినవాడికి తెలుగు వాక్యం ఎక్కడ విరిస్తే జనం వింటారో ఏ ఛందోగ్రంథమూ నేర్పక్కర్లేదు. సంస్కృతం జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర చదువుకున్నారు: మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం. చెప్పినాయన బ్రాహ్మణుడు, ఆ మాట దాచక్కర్లేదు. అదే వినుకొండలో ఒక సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ని ఎందుకు రానిచ్చారని అవమానించిన వాళ్లూ ఉన్నారు. ఒక గుమ్మం తెరుచుకున్నంత మాత్రాన వీధంతా తెరుచుకోదు. ఆయన ఉభయ భాషా ప్రవీణ పాసై తెలుగు పండితుడిగా పనిచేశారు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, జాషువా కథానాయకుడు గుడిలోకి వెళ్లగల గబ్బిలంతో శివుడికి తన గోడు పంపాడు. నేర్చుకున్న భాషతో ఏం చేయాలో నేర్పినవాళ్లు చెప్పలేదు. ఆయన కడుపులోని ఆకలి చెప్పింది.

మా నాయనమ్మ గురించి ఒక ముక్క. ఆమె బడికి వెళ్లలేదు. చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు విని విని అన్నీ నోటికి వచ్చేశాయి. ఆ తర్వాత పాటల పుస్తకం తెరిచి, నోటికి వచ్చిన పాట పాడుకుంటూ, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుకుంటూ పోయింది. పాట ముందుకు, వేలు ముందుకు. ఎక్కడైనా రెండూ కలవకపోతే మళ్లీ మొదటి నుంచి. అలా ఎన్నాళ్లకో అక్షరాలు పట్టుబడి, చివరికి కీర్తనలే కాదు, పప్పు పొట్లం కట్టిన పేపరు ముక్క కూడా విప్పి చదివేది. చెవి, నోరు, కన్ను, వేలు అన్నీ కలిసి పనిచేశాయి. ట్రైనర్ గారి మూడు గడుల్లో మా నాయనమ్మ ఏ గడిలో పడుతుందో నాకు తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, మాతృభాషలో అయితేనే బుర్రకెక్కుతుందని చాలామంది పెద్దలు మనకు బోధించారు. అందులో శాస్త్రం కొంత ఉంది, కాదనను. నేను బతికేది తెలుగు చెప్పుకునే. కానీ తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి, ఊరి పిల్లల బుర్రకు ఏది ఎక్కుతుందో నిర్ణయించే ఆ గొంతునూ, "నీది చేతుల రకం" అన్న గొంతునూ పక్కపక్కన పెట్టి వినండి.

ఆ అమ్మాయికి నేను ఆ రోజు ఇదంతా చెప్పలేదు. క్లాసుకు టైమైంది. ఆ కాగితం వెనక వైపు తెల్లగా ఉంటే, దాని మీదే ఒక పని రాసిచ్చాను. రోజూ సాయంత్రం అమ్మ పని గురించి చెప్పే మాటలు ఉన్నదున్నట్టు తెలుగులో రాయి. మర్నాడు ఇంగ్లీషు చెయ్యి. వారం ఆగి, తెలుగు మూసేసి, ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగు చెయ్యి. రెండు తెలుగులూ పక్కన పెట్టి చూడు. తర్ఖడ్కర్ పద్ధతి, మిరప చేలోకి తెచ్చాను, అంతే.

మొన్న నోటుబుక్కు తెచ్చింది. పదకొండు పేజీలు. వ్యాకరణం తప్పులు చాలానే ఉన్నాయి. 'తాలు కాయ' దగ్గర ఆగిందట, డిక్షనరీలో దొరకలేదట, నాకూ ఇంగ్లీషు మాట తెలియదు. రంగు పోయి ధర పలకదని ఏరి పక్కన పోసే కాయ అని ఇంగ్లీషులో ఒక వాక్యం తనే రాసుకుంది. నేను ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాను. నిన్న బుక్కు తిరిగి నా టేబుల్ మీద ఉంది. నేను దిద్దిన వాటిలో రెండు వాక్యాల పక్కన పెన్సిల్‌తో రాసి పెట్టింది: "మా అమ్మ ఇలా అనదు సార్."