పింఛనుకు బదులు పొదుపు: సింగపూర్ భవిష్య నిధి చరిత్ర

తూర్పు, ఆగ్నేయాసియా సమాజాల్లో వృద్ధులను కుటుంబమే పోషిస్తుందనీ, రాజ్యం మీద ఆధారపడడం అక్కడివారి స్వభావానికే విరుద్ధమనీ, అందుకే ఆ ప్రభుత్వాలు ఐరోపా తరహా పింఛన్ల జోలికి పోలేదనీ ఒక వాదన చాలాకాలం చెలామణీ అయింది. 1990లలో లీ క్వాన్ యూ వంటి సింగపూర్ నాయకులు ‘ఆసియా విలువలు’ అన్న పేరుతో దీనికి విస్తృత ప్రచారం కల్పించారు. అయితే ఆ నగర రాజ్యపు సంక్షేమ వ్యవస్థకు వెన్నెముక అనదగిన సెంట్రల్ ప్రావిడెంట్ ఫండ్ (సి.పి.ఎఫ్.) పుట్టుకను పరిశీలిస్తే, అందులో కన్ఫ్యూషియస్ బోధనల కన్నా బ్రిటిష్ వలస ఖజానా లెక్కలే ఎక్కువగా కనిపిస్తాయి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి సింగపూర్‌లో ప్రభుత్వోద్యోగులకూ కొన్ని పెద్ద కంపెనీల సిబ్బందికీ తప్ప మిగిలిన శ్రామికులకు వార్ధక్యంలో ఆసరా ఏదీ లేదు. పాలకుల ముందు రెండు మార్గాలున్నాయి. మొదటిది సామాజిక బీమా: అందరి చందాలూ ఒకే నిధిలో చేరతాయి, పనిమానిన వారికి బతికినంతకాలం అందులోంచి పింఛను అందుతుంది, లోటు వస్తే ప్రభుత్వం భరించవలసి రావచ్చు. రెండవది భవిష్య నిధి: ఎవరి ఖాతా వారిదే, ఉద్యోగీ యజమానీ కట్టిన సొమ్ము వడ్డీతో సహా తిరిగి వస్తుంది, అది చాలినా చాలకపోయినా ఖజానాకు సంబంధం లేదు. విచారణకు నియమించిన కమిషన్ పింఛను వైపే మొగ్గినా, వలస ప్రభుత్వం తనకు ఖర్చులేని రెండవ మార్గాన్నే ఎంచుకుంది. 1953లో చేసిన చట్టం 1955 జూలై 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందే 1951లో మలయాలో, 1952లో స్వతంత్ర భారతదేశంలో ఇటువంటి నిధులు ఏర్పడ్డాయి. తెలుగునాట ఉద్యోగులు పి.ఎఫ్. అని పిలుచుకునేది ఈ కుదురులోనిదే. మూడు దేశాలకూ ఉమ్మడిగా ఉన్నది ఆసియా సంస్కృతి కాదు, బ్రిటిష్ పాలనా వారసత్వం.

ఆరంభంలో ఉద్యోగి జీతం నుంచి 5 శాతం, యజమాని నుంచి మరో 5 శాతం జమయ్యేవి. 1959లో అధికారం చేపట్టిన పీపుల్స్ యాక్షన్ పార్టీ ఈ సాదాసీదా పొదుపు ఖాతాను పరిపాలనా సాధనంగా మలచిన తీరే ఈ చరిత్రలో అసలు ఘట్టం. 1960లో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాది మే 25న బుకిట్ హో స్వీ మురికివాడలో రేగిన అగ్నిప్రమాదం సుమారు 16 వేలమందిని నిర్వాసితులను చేయగా, ఆ స్థలంలోనే బోర్డు శరవేగంగా ఫ్లాట్లు కట్టి తన సామర్థ్యాన్ని చాటుకుంది. 1964లో ఫ్లాట్లను అద్దెకే కాక అమ్మకానికీ పెట్టారు గాని, ముందుగా కట్టవలసిన సొమ్ము కూడబెట్టడం కూలిజనానికి తేలిక కాదు. 1968లో భవిష్య నిధి సొమ్మును ఇంటి కోసం వాడుకోవచ్చని చట్టాన్ని సవరించడంతో ఆ చిక్కు వీడింది. ముందస్తు చెల్లింపూ, నెలనెలా వాయిదా కూడా నిధి ఖాతా నుంచే నేరుగా బోర్డుకు చేరిపోతాయి. చేతికందే జీతం తరగకుండానే శ్రామికుడు 99 ఏళ్ల లీజు మీద ఇంటివాడయ్యాడు. నిధిలో మిగిలిన సొమ్ము ప్రభుత్వ బాండ్లలోకి వెళ్లి, రాజ్యానికి దీర్ఘకాలిక పెట్టుబడిగా మారింది. సొంత ఇల్లు ఉన్నవాడు దేశ సుస్థిరతను కోరుకుంటాడన్న రాజకీయ అంచనా దీని వెనుక ఉంది. 1989 నుంచి ఒక్కొక్క భవన సముదాయంలో చైనీయులు, మలయులు, భారతీయులు ఎంతమేరకు ఉండవచ్చో కూడా బోర్డే నిర్ణయిస్తోంది; అక్కడి తెలుగువారు ఈ లెక్కల్లో భారతీయుల కోటాలోకే వస్తారు.

చందా 1984 నాటికి రెండు వైపులా 25 శాతం చొప్పున, అంటే జీతంలో సగానికి సమానమయ్యే స్థాయికి చేరింది. ఆ ఏడాదే వైద్య ఖర్చుల కోసం మెడిసేవ్ ఖాతా మొదలైంది. 1985లో ఆర్థిక మాంద్యం రాగానే, మరుసటి ఏడాది యజమాని వాటాను 10 శాతానికి తగ్గించారు. వృద్ధాప్య భద్రత కోసం పుట్టిన నిధి పరిశ్రమల వేతన వ్యయాన్ని సర్దే పరికరంగా కూడా పనిచేసిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. సంక్షేమాన్ని ఆర్థికవృద్ధికి లోబరచే ఇటువంటి ఏర్పాటుకు రాజనీతి శాస్త్రవేత్త ఇయాన్ హాలిడే 2000లో ‘ఉత్పాదకతావాద సంక్షేమం’ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఎం. రమేశ్, ముకుల్ ఆషర్ ఆగ్నేయాసియా సామాజిక భద్రత, వైద్యం, విద్యా విధానాలను పోల్చిచూస్తూ గ్రంథం వెలువరించారు.

ఆసియా విలువల వాదనకు పెద్ద చిక్కు సింగపూర్ శాసనాల్లోనే ఎదురవుతుంది. కన్నవారిని పోషించడం ఆ సమాజపు సహజగుణమే అయితే, పిల్లల నుంచి భరణం కోరే హక్కు తల్లిదండ్రులకు కల్పిస్తూ 1995లో ప్రత్యేక చట్టం చేయవలసిన అవసరమేమిటి? పైగా పొదుపంతా ఇంటి గోడల్లో చిక్కుకుపోయి, చేతిలో రొక్కం లేని వృద్ధుల సమస్య కూడా ముందుకొచ్చింది. జీతం తక్కువైతే ఖాతాలో జమ అయ్యేదీ తక్కువే కనుక, పేదవాడి వార్ధక్యాన్ని ఈ పద్ధతి పేదగానే ఉంచింది. 2009లో ప్రవేశపెట్టిన సి.పి.ఎఫ్. లైఫ్ పథకం సభ్యుల సొమ్ములో కొంత ఉమ్మడిగా చేర్చి, జీవించినంతకాలం నెలనెలా చెల్లించసాగింది. 2016లో మొదలైన సిల్వర్ సపోర్ట్ పథకం జీవితమంతా తక్కువ సంపాదించిన వృద్ధులకు మూడు నెలలకోసారి సర్కారు సొమ్మునే అందిస్తోంది.