సూచికలో దొరకని పేరు

హోసూరులోగాని, కృష్ణగిరిలోగాని మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారి రక్తపరీక్ష చీటీ ఎప్పుడైనా చూశారా? అందులో ‘ఫాస్ఫరస్’ అనే మాట, దాని ఎదురుగా ఒక అంకె ఉంటాయి. అటువంటి అంకెను నమ్మకంగా రాబట్టే పద్ధతిని లోకానికిచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువు ముగించుకొని, 1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పనిలో కుదిరారు. రక్తంలోనూ కండరంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చడం ఆనాటి చిక్కు సమస్య. అంతకు ముందున్న బెల్–డాయిసీ పద్ధతిలో రంగు నిలిచేది కాదు. ఫిస్కే, సుబ్బారావు గార్లు కనిపెట్టిన ఉపాయం ఇది: ఆమ్లం కలిపిన ద్రావణంలో మాలిబ్డేట్ వేసి, దానికి మరొక రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్న మాట. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో ఇది 26 పేజీల వ్యాసంగా వెలువడింది.

ఆ నీలిరంగే వారిని మరొక దారి పట్టించింది. కండరపు రసంలో రంగు ఒక్కసారిగా రాక, నెమ్మదిగా ముదురుతూ పోయింది. ఎందుకని వెదికితే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. అది 1927 నాటి మాట. 1929లో, జర్మనీలో కార్ల్ లోమాన్ కనుగొన్న కాలంలోనే, వీరూ ఏటీపీని కనుగొన్నారు. మన కండరం కదలడానికి కావలసిన శక్తిని అందించేది ఈ పదార్థమే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఒక శాస్త్రజ్ఞుడు తన వ్యాసంలో ఇంకొకరి వ్యాసాన్ని పేర్కొంటే దాన్ని ‘సైటేషన్’ అంటారు. తెలుగులో ఉటంకింపు అందాం. 1960లలో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన ఈ ఉటంకింపులన్నిటినీ పోగుచేసి సూచికలుగా అచ్చువేయడం మొదలుపెట్టారు. అత్యధికంగా ఉటంకించబడిన వ్యాసాల జాబితాల్లో ఈ 1925 నాటి వ్యాసం చోటు చేసుకుంది. వేల మంది దాన్ని వాడుకున్నారు.

కాని ఆ సూచికలో సుబ్బారావు పేరు వెదికితే దొరికేదా? ఆ ముద్రిత సంపుటాల్లో వ్యాసాన్ని మొదటి రచయిత పేరు కిందనే వేసేవారు. మొదటి పేరు ఫిస్కేది. అందువల్ల ఆ వేల ఉటంకింపులూ ఫిస్కే పద్దులోనే జమ అయ్యాయి.

అచ్చయినవాటి సంగతి అలా ఉంచండి. అచ్చుకానివి కూడా ఉన్నాయి. 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఒకప్పుడు అదే ప్రయోగశాలలో పనిచేసినవారు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగు చూడనివ్వలేదనీ, వాటిని ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ ఆయన చెప్పారు. హార్వర్డులో సుబ్బారావు గారికి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాలయానికి వెళ్లిపోయారు.

అక్కడా అదే కథ, కాకపోతే ఈసారి ఆయన ఇష్టపూర్వకంగానే వెనుక నిలిచారు. ఫోలిక్ ఆమ్లం తయారీని ప్రకటించిన 1945 నాటి వ్యాసంలో 16 మంది పేర్లున్నాయి. ఆ వరుస మధ్యలో ఎక్కడో ఆయన పేరు ఉంది. రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చి సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన వ్యాసంలో రచయితలు అయిదుగురు. ఆ మందు సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చినదే అయినా, ఆ అయిదుగురిలో ఆయన లేరు. బోదకాలు క్రిమిని చంపే డైఎథిల్‌కార్బమజైన్ కూడా ఆయన నడిపిన పరిశోధనలోనే పుట్టింది. అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన కన్నుమూశారు.

అయితే ఉటంకింపుల లెక్క వట్టిదేనా? కాదు. ఒక పని ఎందరికి పనికివచ్చిందో అది చెబుతుంది. ఆ పని ఎవరి చేతి మీదుగా జరిగిందో మాత్రం ఎప్పుడూ చెప్పదు. ఇంకొక విచిత్రం కూడా ఉంది. ఒక పద్ధతి మరీ వాడుకలోకి వచ్చేస్తే, దాన్ని ఎవరు కనిపెట్టారో చెప్పడమే మానేస్తారు. నిప్పు రాజేసినవాడి పేరు అన్నం తినేటప్పుడు ఎవరు తలుస్తారు? సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ సంగతి గమనించి దీనికొక పేరే పెట్టారు. నేటి యంత్రాలు ఫాస్ఫరస్‌ను కొలిచేదీ చాలావరకు మాలిబ్డేట్ చర్యతోనే. చీటీ మీద మాత్రం ఎవరి పేరూ ఉండదు.

కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాలకు 2022లో ప్రారంభోత్సవం జరిగింది. ఆ రోజు జనవరి 12, సుబ్బారావు గారి పుట్టినరోజు. అది కాకతాళీయమే కావచ్చు. అయినా అక్కడ చదివే మన పిల్లలు రేపు వ్యాసాలు రాస్తారు. ఎన్ని రాశారు, ఎందరు ఉటంకించారు అనే లెక్కలు వారి పదోన్నతులకు అడ్డు వస్తాయి, లేదా తోడ్పడతాయి. ఆ లెక్క వేసేవారికి ఒక మనవి. అంకె చూడండి, తప్పులేదు. కాని పేర్ల వరుసలో చివరన ఉన్నవారు ఏం చేశారో కూడా ఒక్క మాట అడగండి. పేరు వేయవలసినచోట తోటివారి పేరు వేయడం నేర్పండి. సుబ్బారావు గారికి అందవలసి అందనిది అదే.