జైలు గది నుంచి ప్రణాళికా సంఘానికి

మన హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1930లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యానికి ఉప్పు యాత్ర నడిపించిన సంగతి మీకు తెలుసు. అదే ఏడాది చెన్నపట్నంలో టంగుటూరి ప్రకాశంగారితో పాటు ఉప్పు సత్యాగ్రహంలో దిగిన ఒక తెలుగు యువతి గురించి ఈ పూట చెప్పుకుందాం. ఆమె దుర్గాబాయి.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దని బయటికి వచ్చేశారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ప్రదర్శనశాల గుమ్మంలో వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపారు. టికెట్టు కొన్నాకే లోపలికి పంపారు.

సత్యాగ్రహం ఆమెను రాయవేలూరు, మదురై జైళ్లకు చేర్చింది. కృష్ణగిరి నుంచి చెన్నపట్నం వెళ్లే దారిలో మనకు తగిలే రాయవేలూరే అది. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడే దిక్కు లేక శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను ఆమె జైల్లో చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడ కలిగింది.

అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. విడుదలయ్యాక బెనారస్ మెట్రిక్ పరీక్ష రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పై చదువులు చదివి, 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. ఈ లోగానే, 1937లో, తనలా చదువు ఆగిపోయిన స్త్రీల కోసం మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. రాజ్యసభ సభ్యులకు ముసాయిదాలో 35 ఏళ్ల వయసు పెడితే, 30 చాలని సవరణ తెచ్చారు. సభ ఒప్పుకుంది. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో మానేసిన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేసే సంక్షిప్త కోర్సులను ఆ మండలి 1958లో ప్రారంభించింది. తాను ఒంటరిగా ఈదిన ఏటికి ఇతరుల కోసం వంతెన కట్టడమంటే అదే కదా!

పదవి రాగానే పోరాటపు రోజులు మరిచినవాళ్లను చాలామందిని చూశాం. 1981లో కన్నుమూసేదాకా దుర్గాబాయి మరువలేదు. మీ ఇంట్లోనూ చదువు ఆగిపోయిన అక్కో వదినో ఉంటే, ఈ కథ ఒకసారి చెప్పండి. ఓపెన్ స్కూలు అడ్రసు కూడా కనుక్కుని చెప్పండి.