యూఏఈలో తాగి బండి నడిపిన కేసు పడితే: సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

కేసు పడ్డాక క్యాంపుల నుంచి మాకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇదే: "అన్నా, అరబీ కాగితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టేశాను." కేసు సగం ఆ సంతకం దగ్గరే తేలిపోతుంది. అందుకే చట్టం ఏమంటుందో, మీకున్న హక్కులేమిటో కేసు పడకముందే తెలిసి ఉండాలి. ఈ వ్యాసాన్ని మీ రూములో నలుగురికీ చదివి వినిపించండి.

చట్టం ఏమంటోంది

ఇండియాలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. యూఏఈలో అలాంటి వెసులుబాటు లేదు, సున్నా అంటే సున్నానే. "ఒక్క బీరే కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. గురువారం రాత్రి బాగా తాగి, శుక్రవారం తెల్లారుజామున కంపెనీ వ్యాను తీసినా కేసు కావచ్చు. నాలుగు గంటలు పడుకున్నంత మాత్రాన మందు ఒంట్లోంచి పోదు.

2025 మార్చి 29 నుంచి అమల్లో ఉన్న కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం తాగి నడిపితే జైలు, 20,000 నుంచి 1,00,000 దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. మొదటిసారి 3 నెలలు, రెండోసారి 6 నెలలు లైసెన్స్ సస్పెండ్ చేస్తారు. మూడోసారి రద్దే. మత్తుమందు తీసుకుని నడిపితే జరిమానా 30,000 నుంచి 2,00,000 దాకా ఉంటుంది. తాగి నడిపి మనిషి ప్రాణం తీస్తే కనీసం ఏడాది జైలు, లేదా 1,00,000కు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగులుతుంది. ప్రమాదంలో మనిషి చనిపోతే కుటుంబానికి ఇచ్చే దియా, అంటే రక్తధనం, 2,00,000 దిర్హమ్‌లు. మామూలుగా దాన్ని బండి ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. డ్రైవర్ తాగినట్టు రుజువైతే మాత్రం ఆ కంపెనీ కట్టిన డబ్బును డ్రైవర్ నుంచి తిరిగి వసూలు చేసుకోవచ్చు. నెలకు పన్నెండు వందల దిర్హమ్‌ల జీతగాడికి అది తీరే అప్పు కాదు.

పారిపోవద్దు

మనిషికి గాయమైన ప్రమాదంలో ఆగకుండా వెళ్లిపోతే 2 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 1,00,000 జరిమానా, లేదా రెండూ. భయంతో పారిపోతే ఒక కేసు రెండు కేసులవుతుంది. ఆగండి, 999కి ఫోన్ చెయ్యండి, పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉండండి.

తెలియక ఇరుక్కునే మరికొన్ని కేసులు

గసగసాలు: యూఏఈలో నిషేధం. ఇంటి నుంచి మసాలా పొడి తెచ్చుకునేటప్పుడు అందులో గసగసాలు ఉన్నాయేమో అమ్మనో భార్యనో అడగండి.

మందులు: ట్రామడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌ల లాంటివి ఇక్కడ నియంత్రణలో ఉన్నాయి. డాక్టర్ చీటీ, ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా తేవద్దు. ఊరివాళ్లు ఇచ్చిన పార్శిల్‌ను విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు.

వాట్సాప్ తిట్లు: ఆన్‌లైన్‌లో ఎవరినైనా దూషిస్తే జైలుతో పాటు 2,50,000 నుంచి 5,00,000 దిర్హమ్‌ల జరిమానా పడే సెక్షన్ ఉంది. ఫోర్‌మన్ మీద కోపం వచ్చినా వాయిస్ మెసేజ్ పంపొద్దు.

అరెస్టయితే మొదటి రెండు రోజులు

పోలీసులు మిమ్మల్ని 48 గంటల్లో పబ్లిక్ ప్రాసిక్యూషన్‌కు పంపాలి. ప్రాసిక్యూటర్ 24 గంటల్లో విచారించి, వదలాలో ఉంచాలో తేల్చాలి. ఈ సమయంలో మూడు పనులు చెయ్యండి.

ఒకటి, అనువాదకుణ్ణి అడగండి. తెలుగు మనిషి దొరక్కపోతే హిందీ అయినా సరే. కాగితంలో ఏముందో మీకు చదివి చెప్పకుండా సంతకం పెట్టొద్దు. గట్టిగా అరవక్కర్లేదు, "నాకు అరబీ రాదు, అర్థం కాలేదు" అని మర్యాదగా చెబితే చాలు.

రెండు, ఇండియన్ కాన్సులేట్‌కు తెలియజేయమని అడగండి. 1963 వియన్నా ఒప్పందం కింద అది మీ హక్కు.

మూడు, అబద్ధం చెప్పొద్దు, లేని కథ అల్లొద్దు. వేరేవాడి నేరాన్ని కూడా మీ నెత్తిన వేసుకోవద్దు. "నువ్వే నడిపానని చెప్పు, తర్వాత మేం చూసుకుంటాం" అని సూపర్‌వైజర్ చెప్పినా సరే. జైలుకు వెళ్లేది మీరే.

చాలా కేసుల్లో పాస్‌పోర్టు జామీను పెట్టుకుని వదులుతారు. అలా వదిలారంటే కేసు పోయిందని కాదు. అది తేలేదాకా దేశం దాటలేరు.

డిఫెన్స్‌లో ఏముంటుంది

లాయర్ చూసేవి ఇవీ: పరీక్ష ఎప్పుడు, ఎలా చేశారు, ల్యాబ్ రిపోర్టు ఏం చెబుతోంది, మీరు వాడిన మందులేమైనా ఉన్నాయా. ప్రమాదం అయితే పోలీస్ రిపోర్టు, కెమెరా ఫుటేజీ, సాక్షులు. తప్పు నిజంగా ఉంటే, మొదటిసారి అని, ఇంటికి మీ ఒక్కరి సంపాదనే ఆధారమని కోర్టుకు విన్నవించి శిక్ష తగ్గించమని అడగొచ్చు.

బాధితుడి కుటుంబం రాజీకి వస్తే తనాజుల్, అంటే క్షమాపత్రం, తీసుకోవాలి. అది శిక్ష తగ్గడానికి పనికొస్తుంది గానీ, ప్రభుత్వం తరఫు కేసు దానంతట అదే మూసుకుపోదు. సిరిసిల్ల జిల్లా వాళ్లు ఒక హత్య కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్ల దాకా గడిపి ఇళ్లకు చేరారు. నేపాల్‌లోని బాధిత కుటుంబానికి పరిహారం ముట్టాక కూడా వాళ్లు బయటికి రావడానికి ఏళ్లు పట్టింది.

తీర్పు నచ్చకపోతే 15 రోజుల్లో అప్పీలు వెయ్యాలి. ఆ గడువు దాటితే దారి మూసుకుపోతుంది. ప్రాసిక్యూషన్ అప్పీలు చెయ్యకుండా మీరొక్కరే చేస్తే, దానివల్ల శిక్ష పెరగదు. కాబట్టి భయపడి ఊరుకోవద్దు. విదేశీయులకు కోర్టు దేశం నుంచి పంపించే ఉత్తర్వు కూడా ఇవ్వొచ్చు, అదీ అప్పీల్లో అడగాల్సిన విషయమే.

ఉరి లేదా యావజ్జీవం పడగల కేసుల్లో లాయర్ లేకపోతే కోర్టే పెడుతుంది. తాగి నడిపిన మామూలు కేసులో ఆ హక్కు రాదు. లైసెన్స్ ఉన్న న్యాయవాదినే పెట్టుకోండి, ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకోండి, రశీదు తీసుకోండి. టైపింగ్ సెంటర్‌వాళ్లు, "లోపల మనిషి ఉన్నాడు" అనే బ్రోకర్లు కోర్టులో నిలబడలేరు.

ఇంట్లోవాళ్లు చెయ్యాల్సింది

పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ కాపీలు, కేసు నంబరు, కంపెనీ పేరు ఒకచోట పెట్టుకోండి. యూఏఈలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్ర టోల్ ఫ్రీ నంబరు 800 46342. అక్కడ న్యాయ సలహా దొరుకుతుంది. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తెలంగాణవాళ్లు హైదరాబాద్ ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణికి, ఆంధ్రవాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌కు వెళ్లొచ్చు. బాగా ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు న్యాయ సహాయం కోసం కాన్సులేట్ దగ్గర భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి ఉంది, రాతపూర్వకంగా అడగండి.

"లక్ష పంపితే రేపే వదిలిస్తా" అని ఎవరు ఫోన్ చేసినా పొలం తాకట్టు పెట్టొద్దు. ముందు కేసు నంబరు అడగండి. అది చెప్పలేనివాడు మీ మనిషిని వదిలించలేడు.